కిలో కాయల కోసం వెళ్లి

ఏటా చలికాలానికని మూటెడు ఎర్ర క్యాప్సికం కాల్చి, తోలు ఒలిచి దాచుకునే పెద్ద ఫ్రీజర్‌ను, మొగుడు మిన్యో పోయాక రాయ్నా అమ్మేసింది. ఒంటి ప్రాణానికి అంత పెట్టె దేనికి? ఈ సెప్టెంబరులో కిలో కాయలు చాలనుకుంటూ ప్లోవ్‌దివ్ బజారుకు వెళ్లింది.

ఆమెను చూడగానే కాయలమ్మే జప్రియాన్ ఎప్పటిలాగే మూట ముందుకు లాగాడు. "మీది తీసిపెట్టాను వదినా! అన్న ఏడీ? మూట ఎత్తాల్సొస్తుందని ఎక్కడ నక్కాడు?"

పోయాడని చెప్పబోయి, "కారు దగ్గరున్నాడు," అంది. ఆ మాటన్నాక ఇక కిలో ఎలా అడుగుతుంది? మూట మొత్తం కొంది.

సందు మలుపు దాకా ఈడ్చి, దానిమీదే కూలబడింది.

"కారు దగ్గరున్నావని చెప్పానా!" అని కసిరింది, ఏడుస్తూనే. "రావేం మరి? వచ్చి ఓ చెయ్యి వెయ్యవయ్యా!"