మా ఇంటి ఓట్లు

మొన్న ఒక అమ్మాయి సర్వే అంటూ మా వాకిట్లోకి వచ్చి, ముందు నేనెంతవరకు చదివానో అడిగి, ఆ తర్వాత ఏ పార్టీ అంటే ఇష్టమో అడిగింది. మొదటి జవాబు విన్నప్పుడే రెండోది ఊహించుకున్నట్టుంది ఆమె వాలకం. ఆమె వెళ్లాక, వరంగల్‌లో మా నాన్న, మేము పిలిచే మాటలో బాపు, మగ్గం నేసే రోజులు గుర్తుకొచ్చాయి.

అప్పట్లో ఇంటిల్లిపాదిదీ ఒకే ఓటు. పోలింగ్ ముందురోజు అన్నాల దగ్గర బాపు ఏ గుర్తుకు వేయాలో చెప్పేవాడు; తెల్లారి ఆయన వెనకే నడిచి వెళ్లి వేసి వచ్చేవాళ్లం. అందులో బలవంతం ఉందని మాకు తోచేది కాదు. నేనూ డిగ్రీ చదివి ఉద్యోగంలో చేరినవాణ్ణే, అయినా ఆయన చెప్పిన గుర్తుకే వేసేవాణ్ణి.

ఒకసారి, డిగ్రీ చివరి ఏడు చదువుతున్న పెద్ద చెల్లెలు, తాను వేరే గుర్తుకు వేస్తానని అన్నం తింటూనే మెల్లగా చెప్పింది. బాపు అరవలేదు. ఆ ఏడే కాలేజీలో చేరవలసిన చిన్న చెల్లెలి వైపు తిరిగి, "ఇగ నువ్ పోవుడు బంద్. సదివిపిస్తె ఇట్లనే ఎదురు తిరుగుతరు," అన్నాడు. చిన్నది కలిపిన ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఉండిపోయింది.

అక్షరం ముక్క రాని అమ్మ, గిన్నె మీద మూత పెడుతూ, "నేనెన్నడన్న నువ్ చెప్పినదానికి ఏసిననుకున్నవా?" అంది.

"మరి దేనికేసినవే?"

"అది నాకెరుక, ఆ ఓట్ల డబ్బకెరుక. నన్ను ఏ కాలేజిల సదివిపిచ్చినవ్?"

బాపు చెయ్యి కడుక్కుని వచ్చి, పెద్ద చెల్లెలిని చూపిస్తూ, "గీ సదువుకున్నదే నయం, చెప్పన్న చెప్పింది," అన్నాడు. కాలేజీలు తెరిచాక చిన్నదాన్ని తానే వెంటబెట్టుకెళ్లి చేర్పించాడు.

ఆనాటి నా డైరీలో ఎండ గురించీ, నూలు దొరకకపోవడం గురించీ ఉంది గాని ఈ ముచ్చట లేదు. రాసుకోదగినదని అప్పుడు అనిపించలేదు. చదువు చెల్లెళ్లకు కొత్త అభిప్రాయాలిచ్చిందో, ఉన్నవాటిని పైకి చెప్పే చనువిచ్చిందో, ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆ తర్వాత ప్రతి ఎన్నికకూ బాపు అమ్మను అడిగేవాడు, అమ్మ నవ్వి ఊరుకునేది. ఆ జవాబు వినకుండానే ఆయన వెళ్లిపోయాడు. ఇప్పుడు మా ఇంట్లో అందరివీ డిగ్రీలే. ఎవరి ఓటు ఎటో పొద్దున చాయ్ తాగేలోపే ఫోన్లలో తెలిసిపోతుంది కనుక, ఒకరినొకరు అడగడం మానేశాం.