బీవర్ కట్టకు నేను కొట్టిన గండి

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అనగానే మీకు జాలి కలుగుతుందేమో, వద్దు. బరువు మోసేవాడికి నిద్ర పట్టదు, అన్నం సహించదు అంటారు. నాకు రెండూ బాగానే సాగాయి. ఇల్లు కొన్నాను. ఆఫీసులో ప్రమోషన్ వచ్చింది. తేలు కుట్టిన దొంగ అయినా కాస్త మెలికలు తిరుగుతాడు. నేను అదీ తిరగలేదు. మరి ఇప్పుడెందుకు చెబుతున్నట్టు? పోయిన నెల చెప్పాల్సిన మనిషికే చెప్పాను. అక్కడ చెల్లలేదు. అందుకే మీ దగ్గరికి వచ్చాను.

మేం ఉండేది విదేశంలో, సస్కటూన్ అనే చలి ఊళ్లో. వ్యవసాయ యంత్రాలకు సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో నా ఉద్యోగం. ఊరికి గంట దూరంలో ఉన్న ఒక చెరువును ఆరుగురం కలిసి బాతుల వేటకు లీజుకు తీసుకున్నాం. ముగ్గురం తెలుగువాళ్లం, ముగ్గురు ఇక్కడివాళ్లు. వేట అంటే ఏదో శౌర్యం అనుకోకండి. ఎండుగడ్డి రంగు బట్టలు తొడుక్కుని, ప్లాస్టిక్ బాతుల్ని నీళ్లలో వదిలి, రెల్లు చాటున చలికి వణుకుతూ గొట్టం ఊది బాతులా అరవడం. చిన్నప్పుడు మా వీధిలో కోడిలా కూసేవాడొకడు ఉంటే వాణ్ని చూసి నవ్వేవాళ్లం. పెద్దయ్యాక మేం అలాంటి పనికి లైసెన్సు తీసుకుని, ఆ ఫొటోలు వాట్సాప్‌లో పెట్టుకున్నాం.

ఆ చెరువు ఎవరూ తవ్వింది కాదు. బీవర్లు చేసుకున్నది. బీవర్ అంటే ఎలుక జాతి జంతువు, ఓ మోస్తరు కుక్కంత ఉంటుంది. చెట్లు కొరికి పడగొట్టి, కొమ్మలూ బురదా కలిపి వాగుకు అడ్డంగా కట్ట వేస్తుంది. వెనక నిలిచిన నీళ్లలో కొమ్మలతోనే గూడు కట్టుకుంటుంది. గూటి గుమ్మం నీటి అడుగున ఉంటుంది. బాతులకు మోకాలి లోతు నీళ్లు చాలు, తల ముంచితే అడుగున ఉన్న గడ్డి అందాలి. బీవర్లకు అంతకంటే చాలా లోతు కావాలి. ఈ రెండు జాతులకూ మధ్యలో మా ఆరుగురికీ రాజీ కుదిర్చే మనిషి వాల్టర్.

వాల్టర్‌కు అప్పటికి డెబ్బై నాలుగేళ్లు. చెరువు పక్కనే ఒంటరిగా ఉండే రైతు. బీవర్ కట్టలోంచి ఒక గొట్టం దూర్చి, దాని మూతికి తీగ బోను బిగించి, ఎక్కువైన నీరు చప్పుడు కాకుండా పోయేలా చేశాడు. పారే నీటి చప్పుడు వినపడితే బీవర్లు వచ్చి పూడ్చేస్తాయట. వేసవిలో నీరు తగ్గించి ఒడ్డున గడ్డి మొలవనిచ్చేవాడు. సెప్టెంబరులో మళ్లీ నిండనిచ్చేవాడు. అక్టోబరు సగమయ్యాక కట్టను ఎవరూ ముట్టుకోకూడదు. ఆయన పెట్టిన నియమం అదొక్కటే.

ఆ యేడు వానలు ఎక్కువ. నీరు నడుం దాటింది. బాతులన్నీ తుపాకీకి అందకుండా చెరువు నడిమధ్యన కూర్చునేవి. సరిగ్గా అప్పుడే నేను మా బాస్‌ను వేటకు పిలిచాను. ఆయన చిన్నప్పటినుంచీ వేటాడేవాడు. మా చెరువు చూసి ఆయన మెచ్చుకోవాలని నా ఆశ. ఎంత చవక ఆశో చూడండి. అక్టోబరు ఆఖరు వారంలో వాల్టర్‌కు ఫోన్ చేసి, రెండడుగులు నీరు తీసెయ్యమని అడిగాను. ఆయన కుదరదన్నాడు. బీవర్లు చలికాలానికి తిండి కొమ్మలు నీటి అడుగున దాచుకున్నాయనీ, ఇప్పుడు నీరు తీస్తే మంచు అడుగుదాకా దిగి గుమ్మం మూసుకుపోతుందనీ ఓపిగ్గా చెప్పాడు.

నీళ్ల గురించి నాకు పాఠాలా? మాది గోదావరి డెల్టా. మా నాన్న కాలువ మీద లస్కరు, తూము తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. ఆ తలుపుల మీద కూర్చునే నేను ఎక్కాలు నేర్చుకున్నాను. అక్కడ గట్టుకు గండి కొట్టడం పెద్ద నేరమేం కాదు. పొలంలో నీరు ఎక్కువైతే చాటుగా గట్టు తెంపేస్తాం, అడిగితే ఎండ్రకాయ తొలిచిందంటాం. అవతలి రైతు కూడా అవునవునంటాడు, ఎందుకంటే రేపు వాడికీ అదే ఎండ్రకాయతో పని పడుతుంది. పోయిన నీరు వంతు రాగానే మళ్లీ వస్తుంది. నాకు తెలిసిన నీటి శాస్త్రం అంతే. నీరు గడ్డకట్టి ఒక ఇంటి గుమ్మాన్ని మూసెయ్యగలదన్న సంగతి అందులో లేదు. పదిహేను చలికాలాలు ఇక్కడ గడిపిన మనిషికి అది తట్టలేదంటే, దాన్ని అమాయకత్వం అనాలా? నేను పొగరు అంటాను.

శుక్రవారం వర్క్ ఫ్రమ్ హోమ్. కారు తీసుకుని చెరువు దగ్గరికి వెళ్లాను. వాల్టర్ భోజనం చేసి గంటసేపు పడుకుంటాడు. అది నాకు తెలుసు. షెడ్డుకు ఆయన తాళం వెయ్యడు. అదీ తెలుసు. పొడుగు పిడీ ఇనప పళ్లూ ఉన్న రేక్ ఒకటి తీసుకుని కట్ట మధ్యలో కొమ్మలు పీకి గండి కొట్టాను. నీరు ఒక్క ఊపున పోయింది. చేతులు నొప్పి పెట్టాయి గానీ సరదాగానే ఉంది, అబద్ధం ఎందుకు. రేక్ యథాస్థానంలో పెట్టి వచ్చేశాను.

మర్నాడు పొద్దున బాస్ మూడు బాతులు కొట్టాడు. “చోటు బాగుందే” అన్నాడు. ఆ ఒక్క ముక్క కోసమే ఇదంతా. ఆయన మళ్లీ ఎప్పుడూ ఆ చెరువు ఊసు ఎత్తలేదు. వాల్టర్ గండి చూసి ఇసుక బస్తాలు వేశాడు. మస్క్‌రాట్ తొలిచి ఉంటుందని నేనన్నాను. అది నీటి ఒడ్డున బొరియలు చేసే ఇంకో జంతువు, నాకు ఇక్కడ దొరికిన ఎండ్రకాయ. పీకి పడి ఉన్న కొమ్మలను ఆయన చూసి, షెడ్డువైపు నడిచాడు. వానలు ఆగిపోయి వాగు అప్పటికే పారడం మానేసింది. చెరువు మళ్లీ నిండలేదు. వారంలో చలి విరుచుకుపడింది.

ఏప్రిల్‌లో మంచు కరిగాక వాల్టర్ గూడు విప్పి చూశాడు. ఐదు బీవర్లు చచ్చి పడి ఉన్నాయి, అందులో రెండు అంతకుముందు వసంతంలో పుట్టిన పిల్లలు. గూటి లోపలి గోడల కొమ్మల బెరడంతా కొరికేసి ఉంది. తిండి పది అడుగుల దూరంలో, మంచు కింద ఉంది. మమ్మల్నందరినీ ఆయన తన వంటింట్లో కూర్చోబెట్టాడు. ఒకప్పుడు తోలు కోసం బీవర్లను పట్టి చంపిన మనిషే, చేతి రుమాలుతో కళ్లు తుడుచుకున్నాడు. అది చూసి నాకు లోపల నవ్వు వచ్చింది. ఎలుకల కోసం ఏడుపా అనుకున్నాను. నేను ఎలాంటివాడినో మీకు తెలియాలి కదా.

“రేక్ నా షెడ్డులోదే” అన్నాడు. “గండి పడ్డప్పుడు దాని పళ్లకు బురద ఎండిపోయి ఉంది. కడక్కుండా నేనెప్పుడూ లోపల పెట్టను.” తర్వాత నావైపు తిరిగాడు. “నీరు తియ్యమని నువ్వే అడిగావు.”

“అడిగాను” అన్నాను. “మీరు సరే, చూద్దాం అన్నారు కదా వాల్టర్. గుర్తులేదా?”

“అన్నానా?”

“అన్నారు.”

చాలా మెత్తగా అన్నాను, పెద్దవాళ్లతో మాట్లాడాల్సిన పద్ధతిలో. ఆయన తన చేతులు చూసుకున్నాడు. ఆ మాట ముందే అనుకుని వెళ్లానా? లేదు. నోటికి అదే వచ్చింది. ఈ సంగతి తలుచుకుంటేనే నా మీద నాకు ఎక్కువ అసహ్యం. ఆలోచించి చేసిన పాపమైతే కనీసం కష్టపడి చేసినట్టుండేది.

తిరుగు దారిలో కార్లో రవీందర్ అడిగాడు. మా ఆరుగురిలో చిన్నవాడు, నిజామాబాద్ పిల్లగాడు.

“అన్నా, నిజంగ ఆయననే చేసి మర్చిపోయిండంటవా? నాకైతే నమ్మబుద్ధి అయితలేదు.”

“వయసైపోయింది కదా తమ్ముడూ. మనం గుచ్చిగుచ్చి అడిగి ఆయన్ని బాధపెట్టకూడదు” అన్నాను. నా మంచితనానికి వాడు తలూపాడు.

ఆ తర్వాత నేనేమీ చెయ్యలేదు. చెయ్యాల్సిన అవసరం రాలేదు. వాల్టరే చేసుకున్నాడు. తాళం చెవి ఎక్కడో పెట్టి వెతుక్కుంటే మతి పోతోందనడానికి అదొక గుర్తు అనుకున్నాడు. పొయ్యి కట్టేశానా లేదా అని వెనక్కి వెళ్లి చూసుకునేవాడు. ఆ పని మనందరం చేస్తాం, కానీ ఆయన డాక్టరుకు చెప్పుకున్నాడు. తుపాకులు కూతురికి ఇచ్చేశాడు. చెరువు బాధ్యత వదులుకున్నాడు. తన మీద తనకు నమ్మకం లేదని డ్రైవింగ్ మానేశాడు. బండి లేకుండా అక్కడ ఒక్కడూ బతకలేడు. రెండేళ్లకు ఇల్లు ఖాళీ చేసి సస్కటూన్‌లో ముసలివాళ్ల హోమ్‌లో చేరాడు. ఇప్పుడు ఆయనకు నిజంగానే మతిమరుపు ఉంది. అది ఎలాగూ రావాల్సినదేనా? రావచ్చు. కానీ అది రాకముందు ఆయనకు మిగిలిన మంచి ఏళ్లు కొన్ని ఉన్నాయి. ఆ ఏళ్లలో ఆయన తన బుర్రకు తనే కాపలా కాస్తూ, అందులో దొంగ ఉన్నాడనుకుని వెతుక్కుంటూ గడిపాడు. దొంగను నేను. ఒక్క ఫోన్ కాల్ దూరంలో ఉన్నాను.

పోయిన నెల హోమ్‌కు వెళ్లాను. ధైర్యం వచ్చిందనుకోకండి. ఇప్పుడు చెప్పినా ఆయన ఎవరికీ చెప్పలేడన్న ధీమాతో వెళ్లాను. కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు గానీ చెరువు అనగానే ముఖం మారింది. దగ్గరగా కూర్చుని, ఒక్కో మాట విడివిడిగా చెప్పాను. కట్ట తెంపింది నేను. రేక్ తీసింది నేను. మీరు సరే అనలేదు, నేను అబద్ధం చెప్పాను.

ఆయన శ్రద్ధగా విన్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని తల అడ్డంగా ఊపాడు.

“లేదు బాబూ, అది నేనే చేశాను. నీకు తెలియదు” అన్నాడు. “ఐదు చచ్చిపోయాయి. రెండు పిల్లలు.”

మళ్లీ చెప్పాను. మళ్లీ అదే అన్నాడు, ఈసారి ఏడుస్తూ. నర్సు వచ్చి, ఆ విషయం ఎత్తకండి, రాత్రంతా పడుకోడు అంది. ఆయన బుర్రలోంచి తన పేరూ ఊరూ పోయాయి. కూతురి పేరు ఒక్కోరోజు తడుతుంది, ఒక్కోరోజు తట్టదు. ఆయనకు గట్టిగా గుర్తున్నది ఒక్కటే, అదీ నేను పెట్టినది.

ఇది చదివి మీరేమనుకున్నా నాకు పనిలేదు. క్షమించే హక్కున్న మనిషికి తప్పు నాదని తెలియదు, ఇక ఎన్నటికీ తెలియదు. కనీసం ఒక్కచోటైనా సంగతి సరిగ్గా రాసి ఉండాలి. వాల్టర్ ఆ కట్టను ముట్టుకోలేదు. నేను ముట్టుకున్నాను. ఈ రెండు వాక్యాలు రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. అదీ నాకే, ఆయనకు కాదు.