నా సందులో దూరిపోయిన జింక

నడుము పడిపోయినాక ఆరేండ్లు నన్ను ఒక్కరూ తిట్టలేదు. నమ్ముతారా? మేస్త్రీ పని చేసే రోజుల్లో పొద్దున లేస్తే తిట్లే. గోడ వంకర పోయినా తిట్లే, మాలు పలచనైనా తిట్లే. కాట్పాడి దగ్గర ఒక మేడ కడతా ఉంటే, నేను నిలబడిన సారం కట్టె, అదే పరంజా కట్టె, విరిగి కింద పడినాను. ఆ పొద్దు నించి అందరి నోటా ఒకటే మాట, 'పావం'. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతాది.

మాది గుడియాత్తం పక్కన, కొండ కింద ఊరు. ఏడాదికొకసారి మా ఊర్లో వేట. నా చిన్నప్పుడు నిజంగానే వేట. ఇప్పుడు చట్టం ఒప్పుకోదు, మాకూ చంపే మనసు లేదు. చెనిక్కాయ చేలల్లో దిగిన జింకల్ని, ఫారెస్టు వాచర్ను దగ్గర పెట్టుకొని, మళ్ళీ కొండకెక్కిస్తాము. అంతే. కానీ పాత కట్టుబాటు మాత్రం పోలేదు. ఊరివైపు వరసగా, కొన్ని బారల ఎడంలో కూర్చోవాల. పక్కవాడి దాకా ఉండే ఆ ఎడమే ఒక్కొక్కరి సందు. పలక డప్పు మోగేదాకా అరవకూడదు, గుసగుసే. జింక నీ సందు మీదికొస్తే తుండుగుడ్డ విదిలించి తిప్పాల. పని అయినాక వరసలో ఉన్నోళ్ళకు ఆకులో బెల్లం పొంగలి పెడతారు. అది వేట భాగం. వేడుక చూడ్డానికి వచ్చినోళ్ళకు లేదు. ఎవురి సందులో జింక దూరిపోతాదో వాడికీ లేదు. భాగాలు పంచేది మా నాయన.

నేను పడిన ఏడాది పక్కింటామె ఒక ఆకు పొంగలి ఇంటికి తెచ్చినాది. "పావం, బిడ్డ తిననీ" అనింది. నేను దాన్ని వాకిట్లోకి విసిరేసినాను. మా నాయన చూసినాడు, తిట్టలేదు. చీపురు తెచ్చి ఆయనే ఊడ్చినాడు. నన్ను ఆ పనికి పంపించింది తనే అని ఆయనకు లోపల బాధ. గట్టిగా మాట్లాడేదే మానేసినాడు. నాకు కాళ్ళు పోయినదానికంటే అదే ఎక్కువ కష్టంగా ఉండింది.

వేలూరులో కసరత్తులు చేయించే చోట నాలాంటోళ్ళం కొందరం కూడేవాళ్ళం. పోయినేడు మాటల్లో వేట సంగతి చెప్తే, మమ్మల్నీ తీసుకపో అని ఒకటే గొడవ. "వరసలో కూర్చునేదే కదా? మనకన్నా బాగా కూర్చునేవాడు యాడ ఉండాడు?" అని, కంటిచూపు లేని ఒక అరవాయన నవ్వినాడు.

పోయి మా నాయన్ను అడిగినాను. "ఆరుమందిమి వస్తాము నాయనా. వేడుక చూసేదానికి కాదు, వరసలోకి."

"కట్టుబాటు అందరికీ ఒకటే" అన్నాడు. నాకు కావాల్సిందీ అదే. ఒక్క ఆకు, దానం కాకుండా, నేను సంపాదించింది. వారం రోజులు అదే ధ్యాస.

ఆ పొద్దు జింకలు మామిడితోపులో ఉన్నాయి. తోపుకు అవతల కొండ, ఇవతల సిమెంటు బాట. ఆ బాట మీద మా చక్రాల కుర్చీలు వరసగా పెట్టినారు. అందరికంటే ముందు కనుక్కున్నది ఆ చూపులేనాయనే. "వరుదు, వరుదుప్పా" అని గుసగుసగా చెప్పి చెయ్యెత్తినాడు, వస్తా ఉండాయని. పలక మోగినాది. నాలుగు జింకలు కొండవైపు ఎగిరినాయి. కొమ్ములది ఒకటి మాత్రం వెనక్కి తిరిగి నేరుగా నా మీదికే వచ్చినాది.

కూర్చున్నచోటనే తుండు విదిలించుంటే సరిపోయేది. నేనేం చేసినాను? లేవబోయినాను! వేటలో ఉండాను కదా, ఆ ఊపులో కాళ్ళు లేవన్న సంగతే మర్చిపోయినాను. బోర్లా పడినాను, మూతి పగిలినాది. జింక నా కుర్చీ పక్కనించి ఊర్లోకి దూరిపోయినాది. దాన్ని మళ్ళీ కొండకు తోలేటప్పటికి నడిమధ్యాహ్నం అయినాది.

అందరం వరసగా కూర్చున్నాము. మా నాయన చూపులేనాయనకు ఆకు పెట్టినాడు. ఆ పక్కన కర్రలతో నడిచేవాడికి పెట్టినాడు. నన్ను దాటుకొని పోయినాడు.

"పావం, ఒక ఆకు పెట్టప్పా! దెబ్బ తగిలించుకొని ఉండాడు" అని వాచరు అడ్డం పడినాడు. ఆడోళ్ళు మా నాయన్ను రాతిగుండె అన్నారు.

"వీని సందులో పోయినాది. భాగం లేదు" అన్నాడు మా నాయన. ఆపైన నావైపు తిరిగి, ఊరంతా వినేటట్టు అరిచినాడు. "ఏరా దున్నపోతా! ఎన్నేండ్లు వచ్చినావురా వేటకు? తుండు విదిలించేది మర్చిపోయినావా? బుద్ధి యాడ పెట్టుకున్నావు?"

నాకు ఏడుపు ఆగలేదు. అవమానంతో అనుకున్నారు అందరూ. కాదు. ఆరేండ్ల తర్వాత మా నాయన నన్ను తిట్టినాడు.

"తప్పు నాదే నాయనా" అన్నాను.

"వచ్చేయేడు సరిగ్గా చెయ్యి" అని, పక్కవాడికి ఆకు వేసేదానికి వంగినాడు.