పంపని జవాబు

అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్-2కు చదువుతున్న రోజులవి. ఫోన్‌లో మా ప్రిపరేషన్ గ్రూపులో ఎవరో అమ్మాయి మారుపేరుతో తన మాక్ టెస్ట్ మార్కులు పెట్టింది. "ఈ మార్కులకు సర్కారు నౌకరీనా? ఊరికి పో" అని నేనూ మారుపేరుతోనే రాశాను. అందరూ నవ్వారు.

మర్నాడు మధ్యాహ్నం నా రూమ్మేట్ లత గదిలో లేదు. దిండు మీద ఆమె ఫోన్ తెరిచే ఉంది. నా మాట కింద "సరే, పోతున్న" అని టైప్ చేసి, పంపకుండా వదిలేసింది.

చెరువు వైపు పోయిందేమోనని చెప్పుల్లేకుండా లోయర్ ట్యాంక్‌బండ్ వైపు పరుగెత్తాను. చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద ఏడుస్తూ కనిపించింది.

"అక్కా, గట్ల రాసినోళ్లకు అన్నం ఎట్ల తినబుద్ధయితది?" అంది నా చెయ్యి పట్టుకుని.

కన్నీళ్లు తుడిచి హాస్టల్‌కు తీసుకొచ్చాను. లత ఈ పత్రికలో పాఠకుల పేజీ తప్పకుండా చదువుతుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. అది నేనే, లతా.