ఉప్పు లేని రొట్టె

మా ఊళ్లో బ్రెడ్డు అంటే జ్వరం. ఆమదాలవలస స్టేషన్ దగ్గర కొట్లో కొని సంచిలో వేసుకొస్తుంటే, ఎదురైన ప్రతివాళ్లూ "ఎవులికి బాగునేదు?" అని అడగందే వదిలేవారు కారు. ఒంట్లో కులాసాగా ఉన్నవాళ్లు బ్రెడ్డు తింటారని మాకు తెలీదు. నా మొదటి కాన్పు తర్వాత మా ఆయన నా కోసం బ్రెడ్డు తెచ్చాడు. బిడ్డ పుట్టింది గానీ ఏడవలేదు. ఆడపిల్ల అని మంత్రసాని చెప్పింది. గుడ్డలో చుట్టి పట్టుకెళ్లిపోయారు. నాకు చూపించలేదు, చూపించమని నేనూ అడగలేదు.

పంతొమ్మిదివందల అరవైల చివరి మాట ఇది. నాకు అమ్మ లేదు కాబట్టి పురుడు అత్తారింట్లోనే పోశారు. ఆ వేసవిలో నాకు ఏమీ అనిపించేది కాదు. దుఃఖం అని కూడా అనలేను. పాలు ఇంకిపోవడానికి మా అత్త రోజూ మల్లెపూలు తెచ్చి రొమ్ములకు కట్టేది, కట్టించుకునేదాన్ని. కూర్చోమంటే కూర్చునేదాన్ని. మాట మాత్రం రాలేదు, ముద్ద దిగలేదు. అన్నం నోట్లో పెట్టుకుంటే అక్కడే ఉండిపోయేది. ఎవరూ చూడనప్పుడు ఉమ్మేసేదాన్ని.

మా అత్త మెత్తటి మనిషి కాదు. నోరు తెరిస్తే వీధి చివరిదాకా వినిపించేది. "ఏటే, ఉలకవు, పలకవు? ఇలగే ఉంటే నువ్వూ పోతావు. తిను!" అని గదిమేది. అరిచి అరిచి, చివరికి కొడుకుని బ్రెడ్డుకి పంపింది. పాలల్లో నాన్చి పెడితే రెండు ముక్కలు దిగాయి. అంతే, ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. మర్నాటికల్లా మిగతాది బూజు పట్టింది. సరుకు మళ్లీ ఎప్పుడొస్తుందో కొట్టువాడికే తెలీదట.

బూజు లేని వైపు ముక్కు దగ్గర పెట్టుకుని మా అత్త గట్టిగా వాసన చూసింది.

"కల్లు కంపు కొడతన్నాది. కల్లేసి పులియబెట్టినారు. ఇదేటి బెమ్మవిద్దా?" అని తేల్చేసింది.

మా మావ తాగుడు మానేసినప్పటి నుంచి ఆవిడ కల్లుని గడప తొక్కనిచ్చింది లేదు. అలాంటిది పొద్దున్నే చెంబు పట్టుకుని తాటిచెట్ల దగ్గరికి తనే వెళ్లింది. దారిలో ఎవరో "ఏటప్పా, ఈ వయసులో మొదలెట్టినావా?" అని వేళాకోళమాడితే, "అవునే, నీకూ ఉంచుతాను, రా!" అందట.

గోధుమపిండి కల్లుతో కలిపి, గుడ్డ కప్పి ఎండలో పెట్టింది. పొంగాక, దిబ్బరొట్టె కాల్చే మందపాటి గిన్నెకి నూనె రాసి అందులో వేసింది. కింద సన్న సెగ పెట్టి, మూత మీద నిప్పులు పోసింది. ఉప్పు మాత్రం వెయ్యలేదు. బ్రెడ్డు పథ్యం కదా, పథ్యానికి ఉప్పేమిటని ఆవిడ ఉద్దేశం. కొట్లో బ్రెడ్డులోనూ ఉప్పుంటుందని ఆవిడకి చెప్పేవాళ్లెవరు?

నేను మంచం మీంచి చూస్తూనే ఉన్నాను. పెరట్లో ఎవరో ఏదో చేస్తున్నారు, నాకు అంతవరకే తెలుస్తోంది.

రొట్టె పైన కాస్త మాడినా లోపల బాగానే పొంగింది. వేడి వేడి ముక్క తుంచి నా నోట్లో కుక్కింది. నమిలాను.

"ఎలగున్నాది?"

"ఉప్పు నేదు" అన్నాను.

ఆ గొంతు నాది కాదేమో అనిపించింది. మా అత్త ఒక్క ఉదుటున లేచి గోడ దగ్గరికెళ్లి, "ఓలమ్మో, ఉప్పు నేదని సెప్పిందే! నా కోడలు నాకు వంక పెట్టిందే!" అని పక్కింటావిడకి వినిపించేలా అరిచింది. పథ్యం సంగతి మరిచిపోయి, ఉప్పు నూరి తెచ్చి ముక్కల మీద జల్లింది. తర్వాత నా ఎదురుగా కూలబడి విసనకర్రతో విసరడం మొదలుపెట్టింది.

"నీ మొగుడికి ముందు నాకు ముగ్గురు పోనారే" అంది, నా వైపు చూడకుండా.

ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ ఎత్తలేదు. నమలడం ఆపి, "ఆడా, మగా?" అని అడిగాను.

విసనకర్ర ఆగిపోయింది.

"ముగ్గురూ ఆడపిల్లలే" అంది. "ఇన్నేళ్లలో నన్నెవులూ అడగనేదే" అని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. అప్పుడు కూడా ఏమీ అనిపించలేదు. మంచం దిగి ఆవిడ పక్కన కూర్చుని, ఆ ఏడుపు ఆగేదాకా రొట్టె తింటూ ఉన్నాను.