పిల్లలకోడికి కావలి

చీకటి కోసం విశాఖ నుంచి చెన్నూరు దాకా వెళ్లాను. టెలిస్కోపుకు కెమెరా బిగించి, కృత్తికలను రెండేసి నిమిషాల చొప్పున ముప్పై ఫోటోలు తీసి, అన్నిటినీ కలిపి ఒకటిగా చేయాలనుకున్నాను.

చోటిచ్చిన రైతు మల్లయ్య పక్కనే మంచె మీద మొక్కజొన్న చేనుకు కావలి ఉన్నాడు. అడవిపందులను తరమడానికి అతని దగ్గర పెద్ద లైటుంది. అది ఒక్కసారి వెలిగినా నా ఫోటో పాడవుతుంది.

"ఒక్క గంట లైటు వేయకుండా ఉంటారా అన్నా?" అని అడిగాను.

"గా పిల్లలకోడి కోసమా? సరే తీయి తమ్మీ. డబ్బా కొడ్త గని బత్తి ఎయ్య."

మా కృత్తికలు అతనికి పిల్లలను వెంటేసుకుని తిరిగే కోడి. డబ్బా చప్పుడు వింటూ, ఫోటోలు లెక్కపెడుతూ, నేనూ ఆ చుక్కల మధ్యే ఉన్నట్టు కూర్చున్నాను.

ఇరవై మూడోది నడుస్తుండగా చేనులో మొక్కలు విరిగిన చప్పుడైంది. డబ్బా ఎంత మోగినా ఆగలేదు.

"తమ్మీ, పందులచ్చినయ్. బత్తి ఎయ్యాల్నా?"

చేను తనది. అయినా మాటిచ్చాడు కాబట్టి నన్నడిగాడు.

"వెయ్యండన్నా, ముందు వెయ్యండి!" అని అరిచాను.

చేనంతా తెల్లబడింది. పందులు పారిపోయాయి. ఆ తర్వాత లైటు ఆర్పమని నేను అడగలేదు. ఉన్న ఇరవై రెండు ఫోటోలనే కలిపి ల్యాప్‌టాప్‌లో చూపించాను. కంటికి ఆరేడు చుక్కలు కనబడే చోట, నీలిపొగలో వందల చుక్కలు. మల్లయ్య లెక్కపెట్టబోయి ఆగిపోయాడు.

"గిన్ని పిల్లలా! పాపం, గా కోడికి నిద్రెక్కడిది తమ్మీ? నా లెక్కనే రాత్రంత కావలుండాలె."