మూఢంలో మేపిన గుర్రం

మాది పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని తోలే ఇల్లు. వనపర్తి, అమరచింత, గద్వాల, ఎక్కడ బరాత్ ఉన్నా మా తెల్లగుర్రం పోవాల్సిందే. పెళ్లికొడుకు ఎక్కే ముందు అతని అక్కో చెల్లెలో దానికి నానిన శనగపప్పు, బెల్లం తినిపిస్తుంది. అది ఆనవాయితీ. సీజన్‌లో తిన్నదంతా నడకలో, ఆటలో కరిగిపోయేది.

ఆ ఏడు మూఢం వచ్చి పెళ్లిళ్లు ఆగిపోయాయి. గుర్రం కొట్టంలోనే ఉండిపోయింది. బెల్లం మాత్రం ఆగలేదు. అమ్మకు షుగర్, తీపి ముట్టకూడదు. "నాకైతే రాసిపెట్టి లేదు, నువ్వన్న తిను బిడ్డా" అంటూ పొద్దూమాపూ దానికి పెట్టేది. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అని నాయిన నవ్వేవాడు. మెడ మీద కొవ్వు గట్టిపడి గట్టులా లేస్తే, బలం పట్టిందని అందరం మురిసిపోయాం.

ఒకరోజు పొద్దున అది కదల్లేదు. ముందుకాళ్లు చాచి, బరువంతా వెనక్కి వేసి, చెమటలు కక్కుతూ నిలబడింది. గిట్ట మీద చెయ్యి పెడితే కాలింది. పశువుల డాక్టరు కోసం పరుగెత్తాను.

ఆయన వచ్చి మొదట దాని మెడే తడిమాడు. "గిది బలం కాదు, రోగం. మనిషికి షుగర్ ఎట్లనో దీనికి గట్ల. గిట్ట లోపల వాచింది. ఎముక జారి అడుగుకెల్లి బయటికొస్తే, ఇగ సూదేసి పంపుడే."

"నేనే చంపితిని గద సారూ" అంది అమ్మ.

"ఇంక చావలే గదమ్మా. దాణా, బెల్లం బంద్ చెయ్యిండ్రి. ఎండుగడ్డి నీళ్లల్ల నానబెట్టి, నీళ్లు పారబోసి వెయ్యిండ్రి. కాళ్ల కింద ఇసుక పొయ్యిండ్రి."

ఇరవై రోజులు, పొద్దున లేవగానే కాలెత్తి గిట్ట అడుగు చూశాను. ఎముక బయటికి రాలేదు. గుర్రం సన్నబడి బతికింది. ఊరేగింపులకు ఇక పనికిరాదు, ఇసుకలో మెల్లగా నడుస్తుంది, అంతే.

కానీ ఆ రోజుల్లో నేనొక పాపిష్టి పని చేశాను. భయం నాకెప్పుడూ కోపంగానే బయటికొస్తుంది. కొట్టం వైపు వస్తున్న అమ్మకు అడ్డం నిలబడి, "చేతులు చూపియ్" అన్నాను, దొంగను అడిగినట్టు. ఒక్కసారే అన్నాను. ఇప్పటికీ గుర్రాన్ని చూడాలంటే అమ్మ ముందు నా దగ్గరికొచ్చి, రెండు అరచేతులూ చాచి నిలబడుతుంది.